మామ కొన్న గోల్ఫ్ కర్ర

రాయచెర్లులో మా మామ ఏ కర్ర కొన్నా ముందు దాని మీద వాలి కళ్ళు మూసుకునేవాడు. గొర్రెలు కాసినవాడు కదా, నిలబడి కునుకు తీయనివ్వనిది ఆయన లెక్కలో కర్రే కాదు.

వయసులో ఉన్నప్పుడు బెంగళూరు గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ళ కర్రల సంచులు మోస్తూ ఆ ఆట నేర్చుకున్నాడు. పొలం సోలార్ పలకలకు ఇచ్చేసి తీరిక దొరికాక మళ్ళీ దాని మీద మనసు పోయింది. నన్ను వెంటబెట్టుకుని బెంగళూరులో పాత సామాన్ల అంగడికి వెళ్ళాడు. చవకగా దొరికే గోల్ఫ్ కర్రలన్నిటి మీదా వాలి చూశాడు. అన్నీ పొట్టివే. చివరికి అన్నిటికంటే పొడుగైనది ఒక్కటి కొన్నాడు.

ఊరి చుట్టూ ఎటు చూసినా పలకలే. "బంతి కొడితే నా ఉద్యోగం పోతాదన్నా!" అని వాటికి కాపలా ఉండే సెక్యూరిటీ అతను మొత్తుకున్నాడు. దాంతో మామ బంతి లేకుండానే ఆడసాగాడు. బంతి కొట్టినట్టే కర్ర ఊపి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి దూరంగా చూసేవాడు. ఆయన్ని చూసి మేమూ అటే చూసేవాళ్ళం.

ఒకరోజు పలకలకు అవతల ఎక్కడో దూరాన ఉన్న వల్లూరు నుంచి గొర్రెల కాపరి ఒకాయన రొప్పుతూ వచ్చాడు. "ఏందప్పా నీ ఆట! నీ బంతి తగిలి నా గొర్రె కుంటుతా ఉండాది!"

బంతే లేదని సెక్యూరిటీ అతను చెప్పబోయాడు. మామ అతన్ని పక్కకు నెట్టి, వెలిగిపోతున్న మొహంతో అడిగాడు.

"వల్లూరు దాకా పోయిందాప్పా?"