చల్లారాక చూసిన అంకె

మా ఆయనకి బీరు తాగడం కంటే బీరు లెక్క కట్టడం ఇష్టం. ఈ దేశం వచ్చి స్కోఫీల్డ్స్ అనే ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాక పెరటి వరండాలో పెద్ద స్టీలు గుండిగ పెట్టి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అదే మాల్ట్‌ని, నలగ్గొట్టి వేడినీళ్ళలో నానబెట్టడం మొదలుపెట్టారు. గింజలోని తీపి నీళ్ళలోకి ఎంత శాతం దిగిందో కొలవాలి. దానికి మ్యాష్ ఎఫిషియెన్సీ అని పేరు. ఆ నీళ్ళలో ఒక గాజు గొట్టం వదులుతారు. ఎంత తీపి ఉంటే అంత పైకి తేలుతుంది, దాని మీద అంకె చదవాలి. కుడితి నీళ్ళ మీద పీహెచ్‌డీ చేస్తున్నారా అని ఏడిపించేదాన్ని.

కొన్నాళ్ళు మా దగ్గర ఉందామని అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. గరాజ్‌లో సీసాలు చూసి, అవేంటని అడిగింది. "బార్లీ నీళ్ళు, అత్తయ్య గారూ" అన్నారు ఈయన, రెప్పయినా ఆర్పకుండా. నేనూ తలూపాను. మందు కాచే ఇల్లని తెలిస్తే మా అమ్మ పచ్చి గంగయినా ముట్టదు మరి. "మంచిదే, ఒంటికి చలవ" అంది. ఆ మాట తలుచుకుని మేమిద్దరం నవ్వుకున్నాం కూడా. బుద్ధి ఉంటేగా!

ఆ సీసాల్లోది కాచిన రోజు అంకె మరీ తక్కువ వచ్చింది. సగం తీపి కూడా దిగలేదని ఈయన తల పట్టుకున్నారు. చివరికి ఇండియన్ షాపులో కొన్న బెల్లం అచ్చులు చితక్కొట్టి కలిపేశారు. పాయసంలో తీపి చాలకపోతే మనం చేసే పనే. ఈస్ట్ వేసి పులియబెడితే కొన్నాళ్ళకి బుడగలు ఆగాయి. పులియడం అయిపోయిందనుకుని సీసాల్లో నింపి మూతలు బిగించి, చోటు లేక బియ్యం బస్తాల పక్కన పేర్చారు.

ఇక్కడ జనవరి అంటే నడివేసవి. ఒక శనివారం మధ్యాహ్నం, నలభై దాటిన ఎండ. పక్కింటివాళ్ళ కారులో మా పాప ఈత క్లాసుకి వెళ్ళింది. ఈయన మళ్ళీ బార్లీ నానబెట్టారు. ఈసారి ఎందుకో అవే నీళ్ళని వేడి మీద ఒకసారి, చల్లార్చి ఒకసారి కొలిచారు. నేను మజ్జిగ పట్టుకెళ్ళేసరికి ఆ గొట్టాన్ని ముంచి తీసి మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నారు.

"ఏమైందండీ?"

"వేడి మీద చూస్తే చాలా తక్కువ చూపిస్తోంది. పోయినసారి నంబర్ మొత్తం రాంగ్. తీపి బాగానే దిగింది, నేనే వేడి మీద చదివి పైన బెల్లం కూడా పోశాను."

"అయితే ఏం? కాస్త తియ్యగా ఉంటుంది."

"అది కాదే! అంత తీపికి ఈస్ట్ మధ్యలోనే ఆగిపోయుంటుంది. ఈ ఎండకి మళ్ళీ లేస్తే సీసాలోనే పులుస్తుంది. గ్యాస్ ఎటు పోతుంది చెప్పు? సీసాలు పేలతాయి."

ఆ మాట ఇంకా ఆయన నోట్లోనే ఉంది. గరాజ్‌లో ఠాప్‌మని చప్పుడు, వెంటనే గాజు పెంకులు రాలిన చప్పుడు.

"అమ్మ ఏది?" అన్నాను.

పరిగెత్తి తలుపు తీశాను. బస్తాలకీ సీసాలకీ మధ్య అమ్మ వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. చుట్టూ పెంకులు. చేతిలో ఇంకో సీసా. "ఏందే ఇది, దానంతటదే పగిలింది?" అంటూ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తోంది. కిందటేడు శుక్లాలు తీయించుకున్న కళ్ళు అవి.

"అమ్మా, దించు! వద్దు, పడెయ్యకు! కదలకు!" ఏం చెప్పాలో నాకే తెలియలేదు. ఇంత భయం నా పురిట్లో కూడా పడలేదు.

ఈయన క్రికెట్ హెల్మెట్, గ్లవ్స్ తగిలించుకొచ్చారు. "అత్తయ్య గారూ, మొహం అటు తిప్పుకోండి. మెల్లగా నా చేతికివ్వండి." సీసా అందుకుని తువ్వాల్లో చుట్టి, నేల మీద పెట్టారు. నేను చెప్పులతో పెంకులు తొక్కుకుంటూ వెళ్ళి అమ్మని ఎత్తుకున్నంత పని చేసి బయటికి లాక్కొచ్చాను. తలుపు వేశామో లేదో లోపల ఇంకొకటి పేలింది.

అమ్మ మొహం, చేతులు, అరికాళ్ళు తడిమి చూశాను. ఒక్క గీత లేదు. అప్పుడు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఆ గరాజ్‌లోకి ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?" అని అరిచేశాను.

"అరుస్తావేందే? పిల్ల ఎండన పడి వస్తదిగా, చలవ చేస్తదని బార్లీ నీళ్ళ కోసం పోయా. మూత తీయడానికి నా చేతులకి పట్టెక్కడిది? పిల్ల రాంగానే దాంతోనే తీయిద్దామనుకున్నా."

నా చెప్పుల్లో దిగిన గాజు ముక్కలు ఒక్కొక్కటీ పీక్కుంటూ కూర్చున్నాను.

బయట కారు ఆగింది. తడి జుట్టుతో పాప లోపలికొచ్చి ముక్కు మూసుకుంది. "మమ్మీ, వాట్స్ దట్ స్మెల్?"

ఈయన ఇంకా హెల్మెట్ తీయలేదు. నా వైపు చూసి వద్దన్నట్టు తలూపారు.

"బీరు" అన్నాను, అమ్మకి వినపడేటట్టు.