ఎనిమిది లేని సంఖ్య

నా కాలు ఒకచోట నిలవదు. ఎన్నో ఊళ్లు తిరిగాను, దొరికిన పుస్తకమల్లా చదివాను. అయినా ఒక్క సంఖ్యకు మాత్రం ఈనాటికీ మనసులో చేతులు జోడిస్తాను. దాని సంగతి చెప్పాలంటే ముందు పిన్ని గురించి చెప్పాలి.

అచ్చాపీసులో అందరికీ ఆవిడ పిన్నే. గూళ్లలోంచి సీసపు అక్షరాలు ఏరి వరుసలు పేర్చేది. చదివింది అయిదో తరగతి. పాతికేళ్లుగా లెక్కల పుస్తకాలకు అచ్చు అక్షరాలు తలకిందులుగా పేరుస్తూనే ఆ లెక్కల్ని వంటపట్టించుకుంది.

నేను ప్రూఫులు దిద్దడానికి చేరి పదిరోజులైంది. అప్పటికే ఒక పుస్తకం అట్టమీద తప్పు వదిలేశాను. "ఇంకొక్కటి దొరికిందా, మీ దారి మీదే," అన్నాడు యజమాని. ఇంట్లో మా ఆవిడకు నెలలు నిండాయి. మళ్లీ ఊరు మారే ఓపిక ఆమెకు లేదు.

ఆ రోజు పిల్లల లెక్కల పుస్తకంలో 12345679 కనబడింది. ఎనిమిది ఎగిరిపోయింది, పట్టేశానని మురిసిపోయి ఎర్రసిరాతో ఇరికించాను.

కాసేపటికి పిన్ని అరచేతిలో సీసపు ఎనిమిదితో వచ్చింది.

"ఏం నాయనా, దీన్నెక్కడ పెట్టమంటావు? నా నెత్తినా?"

"ఏడు పక్కన, పిన్నీ. జారిపోయింది కదా!"

"జారింది నీ బుర్ర. నేను పేర్చినదాన్ని తొమ్మిదితో గుణించు."

గుణించాను. 111111111. తొమ్మిది ఒకట్లు, బడిపిల్లల్లా వరుసగా!

"ఇప్పుడు నీ ఎనిమిదిని కూడా పెట్టి చెయ్యి."

1111111101. పన్నూడినట్టు చివరి ఒకటికి ముందు ఒక సున్నా.

"నీకిష్టమైన అంకె చెప్పు."

"ఏడు."

"ఏడు తొమ్ముదులు అరవైమూడు. నాదాన్ని దాంతో గుణించు."

777777777. ఆ పేజీలో పిల్లలు ఆడాల్సిన ఆట అదే. (ఒకటిని ఎనభై ఒకటితో భాగించినా దశాంశంలో ఈ అంకెలే, ముందొక సున్నాతో, మళ్లీ మళ్లీ వస్తాయని చాలా ఏళ్లకు వేరే ఊరి గ్రంథాలయంలో చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను.)

అంతలో యజమాని వచ్చాడు. "ఏమిటక్కడ ముచ్చట్లు? ప్రూఫు అయిందా?"

పిన్ని నా ఎర్రసిరా కాగితాన్ని మడిచి నడుమున దోపుకుంది. "అయింది బాబూ. నా చేతికో ఎనిమిది ఎక్కువొచ్చింది. గూట్లో వేసొస్తా."

అంతే. ఆ ఊళ్లో ఆరేళ్లున్నాను. నా బతుకులో అదే రికార్డు. మా అమ్మాయి అక్కడే పుట్టింది, ఆ అక్షరాల గూళ్లు పట్టుకునే నడక నేర్చింది.

కృతజ్ఞత చెప్పబోయిన ప్రతిసారీ పిన్ని కసిరేది: "అదంతా ఎందుకు? ఎర్రసిరా పెట్టేముందు గుణించు, చాలు."

ఇప్పటికీ గుణిస్తున్నాను.