పొద్దున ఎనిమిదింటి ఉమ్మి

బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుట్టే మిషన్ మీద పదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను సూపర్‌వైజరు ఏడాదిగా ‘బెలూన్’ అని పిలుస్తున్నాడు. ముఖం ఉబ్బింది, పొట్ట పెరిగింది, కాళ్లూ చేతులూ మాత్రం పుల్లల్లా మిగిలాయి. తిండి తగ్గించమని వాడు లైనంతా వినేలా చెప్పేవాడు. ఆవిడ తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేది.

చివరికి కుర్చీలోంచి లేవలేక ఆసుపత్రికి వెళితే, కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉందని స్కానులో తేలింది. అది కార్టిసాల్ అనే హార్మోన్‌ను అదుపు లేకుండా వదులుతోందేమో చూడాలని డాక్టరమ్మ ఉమ్మి పరీక్ష రాసింది. ఆ హార్మోన్ ఎవరికైనా పొద్దున ఎక్కువే. నిద్రవేళకు బాగా తగ్గిపోవాలి. గడ్డ వదులుతుంటే తగ్గదు. అందుకే చీటీలో ‘రాత్రి పదకొండుకు’ అని ఉంది.

ల్యాబ్‌వాడు పొద్దున ఎనిమిదింటికి ఉమ్మి పీల్చే దూది నమిలించి పంపేశాడు. కౌంటరు తెరిచేది అప్పుడే మరి. పొద్దుటి లెక్క ప్రకారం రిపోర్టు నార్మల్ అని వచ్చింది. డాక్టరమ్మ నాలుగు నెలల సెలవులో ఉంది. ఆమె బదులు కూర్చున్న డాక్టరు టైము చూడనే లేదు. గడ్డతో భయం లేదు, బాగా నడవమన్నాడు.

నడిచింది. మూడు నెలలకు మెట్టు మీద కాలు జారింది. ఆ చిన్న దెబ్బకే వెన్నుపూస విరిగింది. కార్టిసాల్ అప్పటికే ఎముకల్ని గుల్ల చేసేసింది.

ఆవిడ చెల్లెలు బస్సు కండక్టరు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చీటీనీ రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చదివింది. చీటీలో రాత్రి పదకొండు, రిపోర్టులో పొద్దున ఎనిమిది. అక్కడినుంచి నేరుగా ల్యాబ్‌కు వెళ్లింది.

‘‘రాత్రి పదకొండుకి ల్యాబ్ ఎవరు తెరుస్తారమ్మా? మాకూ ఇళ్లున్నాయి,’’ అన్నాడు వాడు.

‘‘మిమ్మల్ని తెరవమన్నదెవరు? దూది ఉన్న డబ్బా ఇవ్వండి. అక్క మంచం మీదే నములుతుంది, పొద్దున నేను తెస్తా.’’

‘‘బయటికి ఇచ్చే రూలు లేదు.’’

‘‘ఉమ్మి ఎక్కడైనా ఊరుతుందయ్యా. దానికి మీ కౌంటరు అక్కర్లేదు.’’

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. వాడు రెండు డబ్బాలు బల్ల మీదికి విసిరాడు. రెండు రాత్రులూ కార్టిసాల్ ఉండాల్సినదానికి మూడు రెట్లు వచ్చింది. సెలవు నుంచి వచ్చిన డాక్టరమ్మ మిగతా పరీక్షలు చేయించి గడ్డ తీయించింది. వెన్ను మాత్రం నిటారు కాలేదు. కాజాల మిషన్ ముందు ఇప్పుడు వేరే మనిషి కూర్చుంటోంది.

ఆ ల్యాబ్‌లో రాత్రి పరీక్షలు ఇప్పటికీ పొద్దున ఎనిమిదింటికే జరుగుతున్నాయి. మీవాళ్లకు ఈ పరీక్ష రాస్తే చీటీలో టైము చదవండి. డబ్బా ఇంటికి ఇమ్మనండి. ఇవ్వం అంటే ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. రోగిని ఒంటరిగా పంపకండి. నోరున్న మనిషి ఒకరు వెంట వెళ్లండి.