నేను విసిరిన రాయి

నా విజిటింగ్ కార్డు మీద ‘కన్సల్టెంట్, సామాజిక పరిశోధన’ అని ఉంటుంది. ఈ పనిలోకి ఎలా వచ్చారని శిక్షణ తరగతుల్లో కొత్తవాళ్లు అడుగుతుంటారు. పెనుకొండలో ఒక సంస్థలో చేశాను, తర్వాత సొంతంగా మొదలుపెట్టాను అని చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి వేరు. నేను ఒక మనిషి కన్ను పోగొట్టాను. ఆ పని చేసింది నేనేనని ఒప్పుకున్నందుకు ఆ సంస్థ నన్ను తీసేసింది.

అవి తొంభైల నడిమి రోజులు. నాకు ఇరవై నాలుగేళ్లు. మా నాయన హిందూపురంలో మిల్లు పనివాడు. నేను ఎమ్మే పూర్తిచేసి, రోజూ బస్సులో పెనుకొండ వెళ్లి వచ్చేదాన్ని. పల్లెల్లో జనంతో కూర్చుని వాళ్ల ఊరి మంచిచెడ్డలు వాళ్ల చేతే చెప్పించి రాయడం మా పని. అందులో ఒక పద్ధతి ఉంది. ఊరి పటాన్ని మేం గీయం, ఊరివాళ్లే నేల మీద ముగ్గుతో గీస్తారు. ఇళ్లకు చింతగింజలు, బావులకు ఇటుక ముక్కలు పెడతారు. చదువు రానివాళ్లు కూడా నోరు విప్పుతారని మా సార్ ఆ పద్ధతిని తెగ మెచ్చుకునేవాడు. నేనూ నమ్మాను.

పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, తారురోడ్డుకు రెండు మైళ్లు లోపల ఒక ఊరు. బడి ముందు పటం గీయిస్తున్నాం. ఎస్సీ కాలనీ ఆడవాళ్లు వెనక నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకామె, ముప్పై అయిదేళ్లుంటాయేమో, శెనక్కాయ కూలికి పోయే మనిషి, ముందుకొచ్చి ముగ్గు అందుకుంది. చెరువు కట్ట కింద ఒక చదరం గీసింది.

“అది పెద్దరైతు మల్బరీ తోట గదమ్మీ, నీకేం పని దాంతో?” అన్నాడు పక్కనున్న ముసలాయన.

“తోట కాదు. మా వల్లకాడు. మా మామను పూడ్చింది ఈడనే. కంచె ఏసి, బోరు దింపి, మా మామ మీద చెట్లు నాటినాడు. గీయమన్నారు గదా, గీస్తాండా.”

ముసలాయన వెనక్కి జరిగాడు. నేను మాత్రం చప్పట్లు కొట్టాను. “భేష్ అక్కా!” అన్నాను. ఆ పటాన్ని పెద్ద చార్టు మీదికి ఎక్కించి, వల్లకాడు ఉన్నచోట ఎర్రసిరాతో గుర్తుపెట్టి, బడి గోడకు అంటించాను. ఆ ఆలోచన నాదే. నన్ను ఎవరూ అంటించమని చెప్పలేదు.

మరుసటి పొద్దున ఎనిమిది గంటలకు బస్సు దిగి ఒక్కదాన్నే నడిచి వెళ్లాను. బడి గోడ మీద చార్టు నాలుగు మూలల ముక్కలు మాత్రం మిగిలాయి. కాలనీ వైపు నుంచి అరుపులు వినిపించాయి. పరుగెత్తాను.

పెద్దరైతు మనుషులు, పదిమందికి తక్కువ లేరు. కట్టెలు, గొడ్డళ్లు, ఒకడి చేతిలో గడ్డపార. వాకిట్లో ఉన్న కుండలు, దడులు, కోళ్లగంపలు, ఏది అడ్డమొస్తే అది పగలగొడుతున్నారు. ముగ్గుతో గీసినామె అత్తను జుట్టు పట్టి ఈడ్చి రాతిబండ మీద వేశారు. ఆమె భర్త తన తల్లి మీద బోర్లాపడి ఒంటితో కప్పేశాడు. అతని వీపు మీద కట్టె పడుతున్న శబ్దం తడిబట్టను బండకేసి బాదినట్టుంది. ఆమెను ఇద్దరు గోడకు అదిమి పట్టుకున్నారు.

“ఏ చేత్తో గీసినావే? చెప్పు, ఏ చేత్తో?”

గడ్డపార పట్టుకున్నవాడు ఆమె కుడిచేతి మీద కొట్టాడు. మోచేయి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆమె గొంతులోంచి వచ్చిన కేక మనిషి కేకలా లేదు.

“ఆగండి! నేను ఆఫీసు నుంచి వచ్చాను!” అని అరిచాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒకడు వెనక్కి తిరిగి గొడ్డలి కర్రతో నా మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు నాలుక మీదికి రాలాయి. కిందపడ్డాను. వాడు నన్ను వదిలేసి ఆమె దగ్గరికి వెళ్లి, ఈసారి గొడ్డలిని సరిగ్గా తిప్పి పట్టుకున్నాడు.

కూలిన దడి పక్కన రాయి ఒకటి చేతికి తగిలింది. లేచి, ఉన్న బలమంతా పెట్టి విసిరాను. వాడి ఎడమకంటికి తగిలింది. గొడ్డలి జారిపోయింది. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారింది. అప్పుడు నాకు కలిగింది భయం కాదు. సంతోషం. ఇంకో రాయి తీసుకున్నాను, వాడు చావాలనే తీసుకున్నాను. ఈలోగా మిగిలినవాళ్లు వాణ్ని మోసుకుని వెళ్లిపోయారు.

ఆమెను ట్రాక్టర్లో వేసుకుని హిందూపురం ఆసుపత్రికి తీసుకొచ్చాం. దారి పొడుగునా ఆ చెయ్యి నా ఒళ్లోనే ఉంది.

రెండో రోజుకు రెండు కేసులయ్యాయి. కాలనీవాళ్లు పెట్టింది ఒకటి, కొట్టినవాళ్లు పెట్టింది ఒకటి. రాయి విసిరి కన్ను పోగొట్టింది ఆమె భర్త అని వాళ్లు రాయించారు. అతణ్ని పట్టుకుపోయారు. స్టేషన్లో కొడుతున్నారని కబురొచ్చింది.

మా సార్ ఇంటికొచ్చాడు. “నువ్వు విసిరినట్టు ఎవరూ రాయించలేదు కదమ్మా. నువ్వే చెప్పుకుంటే మన సంస్థ జనాన్ని రెచ్చగొట్టిందంటారు. మిగతా ఊళ్లలో పనంతా ఆగిపోతుంది. వకీలును మనమే పెడదాం. నువ్వు ఊరికే ఉండు.”

ఊరికే ఉన్నాను. పదకొండు రోజులు. ఆసుపత్రికి వెళితే, కట్టు వేసిన చేతిని పొట్ట మీద పెట్టుకుని ఆమె అడిగింది. “మేడం, మా ఇంటాయన రాయి ఎయ్యలే. వాళ్లమ్మ మీంచి లేస్తే గదా ఎయ్యనీకి. నువ్వు ఆడనే ఉంటివి. నీకు తెల్సు గదా?”

“కోర్టులో తేలుతుంది అక్కా” అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగింది.

నోరు వాచి నేను ఏమీ నమలలేని రోజులవి. నాయన రాగి అంబలి కాచి గ్లాసులో పోసి ఇచ్చేవాడు. పదకొండో రోజు ఆ గ్లాసు పట్టుకునే మొత్తం చెప్పేశాను. ఆయన కోప్పడలేదు.

“రాయి ఏసింది నువ్వు. తన్నులు తింటాండేది ఇంగొకడు. నీకు ఈ అంబలి ఎట్ల దిగుతాంది పాపా?” అన్నాడు. చొక్కా తగిలించుకున్నాడు. “లెయ్యి. పెనుకొండ బస్సుండాది.”

పెనుకొండలో ఒక వకీలును పట్టుకుని, కోర్టులో నా వాంగ్మూలం ఇచ్చాను. నా మీద కేసు పెట్టారు. నాయన జామీను ఉన్నాడు. ఆమె భర్త బయటికొచ్చాడు కానీ, కుడి మోకాలు మళ్లీ వంగలేదు. ఆ వారమే సంస్థ నుంచి నాకు ఉత్తరం వచ్చింది, మీ సేవలు ఇక అవసరం లేదని.

వాయిదాలకు తిరిగిన రోజుల్లోనే నా రాయి ఎవరికి తగిలిందో తెలిసింది. వాడు పెద్దరైతు కొడుకూ కాదు, చుట్టమూ కాదు. ఆ ఇంట్లో జీతానికి ఉండే మనిషి. కోర్టు వరండాలో నాకు ఎదురుగా కూర్చుని ఒంటికన్నుతో చూసేవాడు. చూపులో కోపం కూడా ఉండేది కాదు. పెద్దరైతు మాత్రం ఒక్క వాయిదాకీ రాలేదు. చివరికి ఊరి పెద్దలు రెండు వైపులా రాజీ కుదిర్చి కేసులు కొట్టేయించారు. మల్బరీ చెట్లు పీకించి వల్లకాటికి హద్దురాళ్లు పాతారు. దానికి కక్షగా ఆమె ఇంటివాళ్లను ఊళ్లో ఎవరూ కూలికి పిలవలేదు. ఒకరోజు సామాన్లు మూటగట్టుకుని వెళ్లిపోయారని విన్నాను.

నేను చిన్న చిన్న సర్వేలు చేసుకుంటూ బతికాను. ఎవరో ఒకరు పిలిచేవారు. నెమ్మదిగా కన్సల్టెంట్ అనే పేరొచ్చింది. ఏ ఊరికి వెళ్లినా మొదటి రోజు కాగితం తీయను. ఈ మాట చెబితే మిమ్మల్ని కొట్టడానికి ఎవరొస్తారు అని ముందు అడుగుతాను. పరిశోధనా పద్ధతుల పుస్తకాల్లో ఆ ప్రశ్న నాకు ఎక్కడా కనబడలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక, ధర్మవరంలో పట్టు పనివాళ్ల ఆరోగ్యం మీద ఒక అధ్యయనం ఒప్పుకున్నాను. ఒక సందులో మూడో ఇంటి గడపలో అడుగుపెట్టి ఆగిపోయాను. గుంత మగ్గంలో కూర్చుని ఆమె నేస్తోంది. కుడిచెయ్యి మోచేతి కింద వంకరగా అతుక్కుంది. మూలన రాట్నం దగ్గర భర్త కాలు చాపుకుని దారం కండెలు చుడుతున్నాడు. వంగని కాలితో మగ్గం తొక్కలేడు కాబట్టి నేత ఆమె నేర్చుకుందట.

“రా మేడం. పండ్లు కట్టించుకున్యావే!” అంది నా నోటి వైపు చూసి.

ప్రశ్నల కాగితం తీశాను. ఇది ఎవరు చదువుతారని ఆమె అడిగింది. ఎవరెవరికి చేరుతుందో ఒక్కొక్కరినే చెప్పాను. పట్టు నూలు ఇచ్చే షావుకారు సంగతి అడిగే ప్రశ్న వద్దంది. కొట్టేశాను. మిగిలినవన్నీ చెప్పింది. నడుమునొప్పి, కళ్లమంట, వానాకాలం గుంతలో చేరే చెమ్మ.

లేవబోతూ అతని వైపు తిరిగాను. ఇన్నేళ్లలో అతనితో ఒక్క మాటా ఆడలేదు. “అన్నా, ఆ రాయి నాది. పదకొండు రోజులు దాచిపెట్టినాను” అన్నాను.

“నాకు తెల్సు” అన్నాడు. “అమ్మ మీద పండుకోనే చూసినా, నువ్వు ఎయ్యడం.”

“మరి స్టేషన్లో చెప్పలేదా?”

“ఎందుకు చెప్పను? మొదటి పొద్దే చెప్పినా. సదువుకున్న పిల్ల మీద పెడ్తావేరా అని, అప్పుడే ఈ మోకాలు పగలగొట్టినారు.”

మగ్గం చప్పుడు ఆగింది. ఆమె అతని వైపు చూసింది. ఆ మోకాలు ఎందుకు పోయిందో తనకూ అప్పుడే తెలిసినట్టుంది. మగ్గం లోంచి లేచి బయటికొచ్చింది. నన్ను దాటుకుని వెళ్లి, అతని పక్కన నేల మీద కూర్చుని, ఆ మోకాలి మీద తన వంకరచెయ్యి వేసింది.

“పోయిరా మేడం” అంది, నా వైపు చూడకుండా.