ఎడమ సీటు కింద చప్పుడు

నా కళ్లు పరీక్ష చేయించారు. షుగర్ చూపించారు. చేతులు వణుకుతున్నాయేమోనని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన రెండు చేతులూ చాచి నిలబడమన్నాడు, కళ్లు మూసుకుని ముక్కు ముట్టుకోమన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. కారు కింద ఏముందో మాత్రం ఎవరూ వంగి చూడలేదు.

నేను రిటైరైన మరుసటి ఏడాది సంగతి. మా ఆయనా నేనూ ఫరీదాబాద్‌లో ఉంటాం. ఇద్దరం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లమే, వేరువేరు ఆఫీసులు. అబ్బాయి గురుగ్రామ్‌లో భార్యాబిడ్డలతో ఉంటాడు.

మా ఇంట్లో కారు నడిపేది మొదటినుంచీ నేనే. మా ఆయన ఒకసారి నేర్చుకోబోయి కాలనీ గేటు స్తంభాన్ని గుద్దారు. దిగి, తాళం నా చేతిలో పెట్టి, ఇక దాని జోలికి పోలేదు. రోజూ పొద్దున్నే ఆయన్ని వాళ్ల ఆఫీసు గేటు దగ్గర దింపి నేను మా ఆఫీసుకి పోయేదాన్ని. సాయంత్రం మళ్లీ ఎక్కించుకునేదాన్ని. ఆయన రెండు టిఫిన్ సంచులూ ఒళ్లో పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చునేవారు. చలికాలం సిగ్నల్ పడితే చాలు, కమలాపండు వలిచి ఒక్కో తొన నా నోటికి అందించేవారు. మా సంసారంలో మాటలు సాగాయంటే ఆ దారిలోనే. ఇంట్లో ఎవరి పని వాళ్లది.

ఇప్పుడున్నది రెండో కారు. అదీ ముసలిదైపోయింది. రిటైరయ్యాక నెమ్మదిగా దాని నడకలో తేడా తెలిసింది. స్టీరింగ్ వదిలితే ఎడమకి పోయేది. మలుపు తిరిగాక తనంతట తాను నిటారుగా రావాల్సిన స్టీరింగ్ సగంలో ఆగిపోయేది. చేతుల్లో ఒక వదులు, గట్టిగా పట్టుకున్నా పట్టుకోనట్టు. టైర్ల షాపులో చక్రాలు సూటిగా నిలిపే అలైన్‌మెంట్ చేయించాను. రెండు రోజులు సూటిగా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది. మా ఆయనతో అన్నాను, "ఏవండీ, బండి లాగుతోంది, మీకు తెలుస్తోందా?" అని. "నాకేం తెలుస్తుందే, నేను నడుపుతానా?" అన్నారు.

ఒక ఆదివారం అబ్బాయింటికి వెళ్తున్నాం. కొండ మధ్యలోంచి పోయే గురుగ్రామ్ రోడ్డు. ఒకచోట తారు లేచిపోయి ఉంది. ఆ గతుకులో ఎడమ చక్రం దిగగానే స్టీరింగ్ నా చేతుల్లోంచి జారినట్టై, కారు పక్కకి కొట్టుకుపోయి ఇనప రైలింగును గీసుకుంటూ ఆగింది. సైడు అద్దం ఊడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అబ్బాయింటికి వెళ్లాక, నేను వంటింట్లో ఉన్నాననుకుని, "మీ అమ్మ చెయ్యి తప్పుతోందిరా" అన్నారు.

నేను గుమ్మంలోనే ఉన్నాను.

"బండిలో ఏదో తేడా ఉందిరా, చేయి కాదు" అన్నాను.

"అలైన్‌మెంట్ చేయించావు కదమ్మా. ఇంకా లాగుతోందంటే ఏమనుకోవాలి?" అన్నాడు అబ్బాయి, ఆఫీసులో కింద ఉద్యోగితో మాట్లాడినంత మర్యాదగా. "నీకేం తక్కువని? ఎక్కడికి కావాలన్నా క్యాబ్ బుక్ చేస్తా. ఎలాగూ ఆ బండి, పాత కార్లని ఢిల్లీలో తిరగనివ్వని వయసుకొస్తోంది." కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాతే డాక్టర్లు. ప్రతి డాక్టరూ బాగానే ఉందంటే వీళ్లిద్దరి మొహాలూ చిన్నబోయేవి.

అబ్బాయి డ్రైవరు కారును తెచ్చి మా ఇంటి కింద పెట్టి వెళ్లాడు. రెండో తాళం ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది. అది ఉందని ఎవరికీ గుర్తు రాలేదు.

నేను ఫోన్లో హిందీ వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు, మా ఆయన పడుకున్నాక. ఒక రోజు ఎదురింటి పంజాబీ ఆంటీని బతిమాలి కిందికి తీసుకొచ్చాను. "దీదీ, మీరు సీట్లో కూర్చుని స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ ఊపండి చాలు" అన్నాను. ఆవిడ భయపడుతూనే ఎక్కింది. నేను ఎడమ చక్రం పక్కన నేల మీద మోకాళ్లు ఆన్చి కూర్చుని చక్రం వెనకాల ఉన్న కడ్డీ మీద చెయ్యి వేశాను. ఆవిడ ఊపుతోంది. చక్రం కదల్లేదు. ఇంకొంచెం ఊపితే, ఆ కడ్డీ చివర కీలులో ఏదో టక్కుమని నా అరచేతికి తగిలి, అప్పుడు కదిలింది చక్రం. కుడివైపు అలా లేదు. అక్కడ స్టీరింగ్ ఎంత కదిలితే చక్రం అంత కదులుతోంది. ఎడమ టైరు లోపలి అంచు చేత్తో తడిమితే నున్నగా ఉంది. బయటి అంచుకి ఇంకా గాళ్లున్నాయి.

"మిల్ గయా?" అంది ఆంటీ.

"మిల్ గయా" అన్నాను. ఏడుపొచ్చింది. దొరికిందన్న సంతోషం కాదది. నాకు తెలిసిన విషయాన్ని నేలమీద కూర్చుని నిరూపించుకోవాల్సి వచ్చిందే అని.

మర్నాడు మెల్లగా, కాలనీ లోపలి రోడ్ల మీదుగా మెకానిక్ దగ్గరికి పోనిచ్చాను. "సాబ్‌ని పంపండి మేడమ్, ఆయనకి చెప్తాను" అన్నాడు. "సాబ్‌కి డ్రైవింగ్ రాదు. ముందు చక్రాలు పైకి లేపు" అన్నాను. జాకీ పెట్టి లేపాడు. ఎడమ చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపితే ఆడింది. పైనా కిందా పట్టుకుని ఊపితే ఇంకా ఎక్కువ ఆడింది. నేను చెయ్యి వేసి చూసిన ఆ కడ్డీ, టై రాడ్, చివర అరిగిపోయింది. చక్రాన్ని కిందినుంచి పట్టుకునే బాల్ జాయింట్ దాదాపు ఊడొచ్చేలా ఉంది. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చిరిగిపోయి ఇనుముకి ఇనుము తగులుతోంది. గతుకుల దెబ్బని ఆపే షాకర్ లోంచి ఆయిల్ కారి మట్టి పట్టి నల్లగా పేరుకుంది.

"ఇవి ఇలా ఉంటే అలైన్‌మెంట్ ఎలా నిలబడుతుంది మేడమ్. ఇంకొన్నాళ్లు తిప్పుంటే చక్రం పక్కకి పడిపోయేది" అన్నాడతను. రెండు వైపులా మార్చేయమన్నాను. కుడివైపు బాగానే ఉంది కదా అన్నాడు. అయినా మార్చమన్నాను. సాయంత్రందాకా అక్కడే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. అలైన్‌మెంట్ చేయించి, రెండు కొత్త టైర్లు వేయించి ఇంటికి నడుపుకొచ్చాను. రోడ్డు మీద ఎన్నాళ్ల తర్వాతో చేతులు వదులుగా పెట్టుకుని కూర్చున్నాను.

అబ్బాయికి ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చాడు. తాళం ఎక్కడిదని ముందు కోప్పడ్డాడు, తర్వాత తనే నడిపి చూస్తానన్నాడు. మా ఆయన అలవాటుగా ముందు ఎడమ సీట్లో ఎక్కారు. నేను వెనక కూర్చున్నాను. సెక్టార్ చుట్టూ తిరిగాం. మార్కెట్ ముందు పెద్ద స్పీడ్ బ్రేకర్ దాటాక అబ్బాయి, "స్మూత్‌గా ఉంది" అన్నాడు.

"అవున్రా" అన్నారు మా ఆయన. "ఇప్పుడు కింద చప్పుడు కూడా లేదు."

"ఏ చప్పుడండీ?" అన్నాను.

"అదేనే, నా కాళ్ల కింద. గతుకులో దిగినప్పుడల్లా టక్కుటక్కుమనేది కదా. చాన్నాళ్లనించీ."

అబ్బాయి అద్దంలోంచి నన్నొకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చాక తాళం ఫ్రిజ్ మీద పెట్టి, "సరే అమ్మా, లోకల్‌గా అయితే నడుపుకో" అని వెళ్లిపోయాడు. రైలింగు మాట గానీ డాక్టర్ల మాట గానీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అప్పటికి నా మనసు వాడి మీద లేదు.

మా ఆయన ముందు కాఫీ పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"చప్పుడు మీకు వినపడుతూనే ఉందన్నమాట."

"కారు పాతది కదా, అలాగే ఉంటుందనుకున్నా."

"వాడు నన్ను నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజున మీరు పక్కనే ఉన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా."

ఆయన గ్లాసుకేసి చూస్తూ అన్నారు, "నువ్వు బండి మానేస్తే బాగుండునని ఉండేది. నాకు భయం."

"రైలింగుకి తగిలాక కదా?"

"కాదు. మొదట్నించీ."

"మొదట్నించీ అంటే?"

"ఆఫీసు రోజుల్నించీ. నీ పక్కన కూర్చుంటే ఎప్పుడూ భయమే. బస్సులో పోదామంటే నువ్వు బాధపడతావని ఎక్కేవాణ్ని. చేతులు ఊరికే ఉంటే వణికేవి, అందుకని ఏదో ఒకటి వలుస్తూ కూర్చునేవాణ్ని."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ గొంతు నాకు తెలుసు. ఏ తగువులో ఏ మాటన్నా నేను మర్చిపోయి ఉండేదాన్ని. ఇది మాత్రం ముందు రోజులకి కాదు, గడిచిపోయిన రోజులకి తగిలింది. ఎన్ని చలికాలాలు, ఎన్ని సిగ్నళ్లు, ఎన్ని తొనలు. ఆ దారంతా ఇద్దరం కలిసి సంతోషంగా ఉన్నామనుకున్నాను. నేనొక్కదాన్నే ఉన్నాను. పక్క సీట్లో మనిషి ఎప్పుడు దిగుదామా అని బిగుసుకుని కూర్చున్నాడు.

"అంత భయమైతే ఒక్కనాడైనా చెప్పకూడదూ?" అన్నాను. ఆయన గ్లాసు తీసుకెళ్లి సింకులో పెట్టారు.

ఆ తర్వాత ఆయన నా కారు ఎక్కలేదు. గొడవేం లేదు. బీపీ చూపించుకోవడానికి ఆటోలో వెళ్తారు, బ్యాంకుకి నడిచి వెళ్తారు. నేను అడగను. కూరగాయలకీ, పంజాబీ ఆంటీని గురుద్వారాకి తీసుకెళ్లడానికీ కారు తీస్తాను. ఆవిడ నా పక్కన కూర్చుని ఆగకుండా మాట్లాడుతుంది. విననట్టుంటే మోచేత్తో పొడుస్తుంది.

మొన్న మనవరాలి పుట్టినరోజుకి అబ్బాయి ఇద్దరికీ కలిపి క్యాబ్ పంపాడు. "నేను నా బండిలో వస్తా" అన్నాను. ఆయన క్యాబ్ వెనక సీట్లో ఎక్కారు. ఇద్దరం ఒకే గేటులోంచి బయటికొచ్చాం, ముందు ఆయన, వెనక నేను. కొండ రోడ్డు మీద ఆ క్యాబ్ కుర్రాడు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని లారీల మధ్యలోంచి దూరుతున్నాడు. క్యాబ్ వెనక అద్దంలోంచి మా ఆయన తల నాకు కనిపిస్తూనే ఉంది, సీటుకి జారబడి, ప్రశాంతంగా. కాసేపటికి నిద్రపోయినట్టు ఒక పక్కకి వాలింది.

అబ్బాయి అపార్ట్‌మెంటు దగ్గర నేను కారు పెట్టి వచ్చేసరికి ఆయన లిఫ్టు ముందు నిలబడి ఉన్నారు.

"ఎలా నడిపాడండీ?" అని అడిగాను.

"బాగానే నడిపాడు" అన్నారు. లిఫ్టు వచ్చింది. పైకి వెళ్లేదాకా ఇద్దరం తలుపు కేసే చూస్తూ నిలబడ్డాం.