చూసింది రాయమన్న మేడం

మొన్న ఆదివారం పొద్దున హన్మకొండ నుంచి ఫోన్ వచ్చింది, మా జువాలజీ మేడం పోయిందని. నేను చేరేసరికి చర్చి ఆవరణలో సంతాప సభ నడుస్తోంది. మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఆమెను శాంతమూర్తి అన్నారు. ఒట్టి మాట. ఒకసారి ఆమె నా మీదికి విసిరిన డస్టర్ చెవి పక్కనుంచి పోయి ల్యాబు బీరువా అద్దం పగలగొట్టింది. అంత కోపిష్టి మనిషిని పోగానే సాధువును చేసేస్తే నాకు ఒళ్లు మండింది. ఆ కోపమే అన్నం పెట్టి చదివించిన వాళ్లలో నేనొకణ్ణి.

డెబ్బైల చివర్లో ఆమె ఒక్కగానొక్క కొడుకును మా కాలేజీ క్యాంటీన్ ముందు చంపారు. రెండు గుంపుల పిల్లలు సైకిల్ చైన్లు, ఇనుప రాడ్లు పట్టుకుని కలబడ్డారు. సోడా సీసాలు గాల్లో లేచాయి. ఒకడి చెంప చీరుకుపోయి పళ్లు బయటికి కనిపించాయి. మేడం కొడుకు తల మీద రాడ్డు పడింది. పెద్ద దవాఖానకు రిక్షాలో వేసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. యాభై మందిమి ఉన్నాం అక్కడ. పోలీసులు అడిగితే అందరం ఒక్కటే మాట, విన్నాం గానీ చూడలేదని. సాక్షి లేక కేసు కొట్టేశారు. ఆ యాభైలో, అప్పటికి అదే కాలేజీలో ఇంటర్ మొదటి ఏడు చదువుతున్న నేనూ ఉన్నానని మేడంకు తెలియదు.

మరుసటి ఏడు ఆమె పుట్టింటి చెలక భూమి అమ్మి, కొడుకు పేరున కాలేజీలో ఫెలోషిప్ పెట్టింది. ఏటా ఒక్క బీఎస్సీ విద్యార్థికి ఫీజు, తిండి ఖర్చు ఇస్తారు. ఏడాదంతా ఒక్క ప్రాణిని చూడాలి, చూసింది రాయాలి, అంతే. మొదట నెక్కొండ పిల్లకొచ్చింది. చెదపుట్టల దగ్గర కూర్చుని కూర్చుని చేతులు వాపెక్కినా లేవలేదు. తర్వాత డోర్నకల్ గ్యాంగ్‌మన్ కొడుకు, రైలుకట్ట మీది కాకుల్ని చూశాడు. మూడోది నేను, రఘునాథపల్లి కూలీల ఇంటివాణ్ణి. నాకు తేళ్లు. ఏ మొహం పెట్టుకుని దరఖాస్తు పెట్టావని మీరు అడగొచ్చు. ఆకలి మొహం పెట్టుకుని. అది రాకపోతే చదువు మానేసి ఊరికి పోవడమే.

శనివారం శనివారం ల్యాబులో నిలబడి నోట్సు చదివి వినిపించాలి. మొదటి వారమే దొరికిపోయాను. తేలు పిల్లలు తల్లి కడుపు చీల్చుకుని పుడతాయని రాసుకుపోయాను.

"ఎప్పుడు చూసినవ్ రా?"

"మా నాయనమ్మ చెప్పింది మేడం."

"అయితే ఫెలోషిప్ మీ నాయనమ్మకిద్దునా?"

డస్టర్ విసిరింది అప్పుడే. నాలుగు నెలలు క్వారీ రాళ్ల కింద తేళ్లు పట్టి గాజు సీసాల్లో పెట్టుకుని చూశాను. రెండుసార్లు కుట్టించుకుని కిందపడి దొర్లాను. తల్లి చావలేదు. తెల్లటి పిల్లల్ని వీపు మీద మోసుకు తిరిగింది. ఒకరోజు నా చెయ్యి తగిలి సీసా దొర్లింది. బెదిరిన తల్లి తన పిల్లల్నే రెండింటిని నమిలి తినేసింది. ఆ శనివారం అదే చదివాను.

మేడం ఆ సీసా ఎత్తి వెలుతురులో చూసింది. "గిది కావాలె నాకు. యాభై మంది ఉండిరి క్యాంటీన్ల. చూసిన అన్నోడు ఒక్కడు లేడు. చూసింది చెప్పేటోళ్లు కావాల్ననే గీ ఫెలోషిప్ పెట్టిన బిడ్డా."

బిడ్డా అనకపోతే ఆ పూట కూడా దాటిపోయేదేమో. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనున్న మేడం ఆడ. కొట్లాట ఆపుదామని మీ కొడుకును ఎన్కనుంచి పట్టుకున్న. రెండు చేతులు నా చేతులల్లనే ఉండె. తలకాయకు అడ్డం పెట్టుకోనియ్యలే. గప్పుడే రాడ్డు పడ్డది. కొట్టినోని మొహం కానరాలే."

ఆమె ఇనుప ట్రే ఎత్తి కొట్టింది. భుజం మీద, మెడ మీద, మళ్లీ మళ్లీ. కత్తెరలు, సూదులు నేలంతా చెల్లాచెదురయ్యాయి. నేను తప్పుకోలేదు. ఆయాసం వచ్చి ఆగింది. ఫెలోషిప్ పోయింది, చదువు పోయింది అనుకున్నాను. ఆమె నాకు వీపు తిప్పి నిలబడింది.

"ఎట్ల పట్టుకున్నవో చూపెట్టు."

"వద్దు మేడం."

"పట్టు!"

మోచేతుల కింద పట్టుకున్నాను.

"గట్లనేనా? గా దినం పట్టినంత గట్టిగ పట్టు."

పట్టాను. ఆమె గుంజుకుంది. ముందుకు వంగి, కాళ్లు తన్ని, ఉన్న బలమంతా పెట్టి గుంజుకుంది. నా చేతులు ఆమె కన్నీళ్లతో తడిశాయో నా కన్నీళ్లతోనో తెలియదు. నేను వదల్లేదు. వదిలితే అది అబద్ధమవుతుంది.

చివరికి ఆమె ఆగిపోయింది.

"రాదు," అంది. "వానికి గూడ చేతులు గుంజుకొనుడు రాకపోయుంటది. ఇడువు."

వదిలాను. ఆమె చీర సర్దుకుంది. "గిది గూడ రాయి. సోమవారం తేళ్లకు మిడతలు పట్టుకరా," అని చెప్పి, మధ్యాహ్నం రెండు గంటల క్లాసుకు పోయింది. నేనూ పోయి వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆమె చెయ్యెత్తి బోర్డు మీద తేలు బొమ్మ గీసింది. మోచేతి కింద నా నాలుగు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి. క్లాసులో అరవై మంది తలలు వంచుకుని బొమ్మ దించుకుంటున్నారు.