గాలి చాలదనుకునే రక్తం

రెండు వేల నాలుగులో ఒక గురువారం పొద్దున హిందూపురంలో ధర్మవరం వైపు పోయే ప్యాసింజరు ఎక్కాను. నేను ఊళ్లోని జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఆ రోజు సెలవు పెట్టింది మాత్రం మా మరిది మీద నిఘా వేయడానికి.

మరిది ఓబులేసు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మా చెల్లెలు రత్న ఫోనులో ఒకటే ఏడుపు. “తాగుతాండాడక్కా. మొగమంతా కందిపోయి కండ్లు ఎర్రగా ఉంటాయి. ఎప్పుడూ తలనొప్పంటాడు. జరీకని అప్పుడప్పుడు పెనుకొండకు పోతాడు. ఈ గురువారమూ పోతాడంట. జరీ ధర్మవరంలో దొరకదా?”

ఎదురు సీట్లో పరిగి రైతు ఒకాయన కూర్చున్నాడు. నేను పెనుకొండలో దిగుతానని చెబితే, “ఆడ ఎవరుండారమ్మా?” అని అడిగాడు.

“మా మరిది వస్తాండాడు.”

“ఏం పనికి?”

“అదే చూడను పోతాండా.” ఆయన సంచీ తీసుకుని పక్క సీటుకు జరిగాడు.

పెనుకొండలో బండి ఎంతోసేపు ఆగదు. కొండ కనబడగానే సంచీ చేతికి తీసుకోవాలి. స్టేషన్ బయట ఆటో నిండితే గానీ కదలదు. బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ తింటూ, వచ్చే బస్సులన్నీ చూస్తూ కూర్చున్నాను. ధర్మవరం బస్సులోంచి ఓబులేసు దిగాడు. అటూ ఇటూ చూసి సందులోకి తిరిగాడు. వైన్ షాపు దాటిపోయాడు. నా అనుమానం ఇంకా పెరిగింది. సందు చివరి చిన్న ఆస్పత్రిలోకి అతని వెనకే వెళ్లాను.

తలుపు తోసేసరికి అతను మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతికి గొట్టం, కింద సంచీలో నల్లగా రక్తం.

“ఏమప్పా, రక్తం అమ్ముకుంటాండావా?”

అతను లేవబోతే నర్సు భుజం అదిమింది. “అమ్మేది కాదు వదినా, పారబోసేది.”

నేను నమ్మలేదు. పెద్ద వయసు డాక్టరు విసుక్కోకుండా చెప్పాడు. ఒంట్లో ప్రతి కణమూ ప్రాణవాయువు ఎంతుందో చూసుకుంటుంది. సరిపడా ఉంటే ఒక ప్రొటీన్ పుట్టింది పుట్టినట్టే నాశనమైపోతుంది. గాలి తగ్గితే అది బతికి, కణకేంద్రంలోకి పోయి కొన్ని జన్యువులను పనిలోకి దించుతుంది. అప్పుడు మూత్రపిండాల నుంచి ఎర్రకణాలు పెంచమని ఎముక మజ్జకు కబురు పోతుంది.

“ఈయనకు ఆ ప్రొటీన్ నాశనం కావటంలేదని బెంగళూరు డాక్టర్ల అనుమానం మేడమ్. గాలి నిండుగా ఉన్నా చాలలేదనుకుంటాయి కణాలు. రక్తం చిక్కనవుతుంది. తీయకపోతే గడ్డకడుతుంది.”

వేలికి క్లిప్పు పెట్టి చూపించాడు. ఆక్సిజన్ సరిగానే ఉంది. “మరి ఆ సంచీ యాడికి పోతాది?” అన్నాను. డాక్టరు నర్సుకు సైగ చేశాడు. ఆమె నా ముందే రక్తాన్ని బ్లీచింగు నీళ్ల బకెట్లోకి వంచింది. అలా అడిగినందుకు సిగ్గనిపించింది. అయినా చివరి చుక్క దాకా చూశాను.

చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం పోయే బస్సులో, ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఓబులేసు కిటికీ వైపు తిరిగాడు. “మా నాయన మగ్గం మీదే పక్షవాతమొచ్చి పడిపాయ వదినా. ఆయన మొగమూ ఇట్లే ఎర్రగా ఉండేది. ఇప్పుడు మా పాప బుగ్గలూ అట్లే ఎర్రబడుతుండాయి. అది రత్నకు ఎట్లా చెప్పేది?”

రత్న వాకిట్లోనే అతని నోరు వాసన చూసింది. నేను చెప్పిందంతా విని, “నువ్వూ ఆయప్ప పక్క చేరితివా?” అంది. అతను చొక్కా చేయి మడిచాడు. మోచేతి మడతలో పాత సూదిగుర్తుల పక్కన కొత్త దూది. రత్న దాన్ని వేలితో తాకింది. “పాపకో?” అని అడిగింది. పాపను ఎత్తుకుని చెప్పులైనా వేసుకోకుండా ల్యాబుకు బయల్దేరింది.

సాయంత్రానికి రిపోర్టు మామూలుగానే వచ్చింది. ఆ ల్యాబు మీద నాకు నమ్మకం కుదరలేదు. వచ్చే నెల హిందూపురంలో మళ్లీ చేయిద్దామన్నాను.

తిరుగు బండి కదిలేముందు రత్న కిటికీ దగ్గరికొచ్చింది. “ఈసారి పెనుకొండకు నేనూ పోతానక్కా ఆయప్పతో.”

తోడుకు పోతుందో, కాపలాకు పోతుందో ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. ఆమె పక్కన నిలబడ్డ ఓబులేసుకు మాత్రం ఏదైనా ఒకటేనేమో. నవ్వుతూ చెయ్యి ఊపాడు.